జేబున్నవాళ్లం

కర్నూలులోని మా షాపులో రైకలు కుట్టించుకునేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించుతాను. వెనక గదిలో గుడ్డపీలికలన్నీ ఒక మూలకు ఊడ్చి, చాప పరిచి, కుండలో మజ్జిగ పెడతాను. ఒక్కొక్కరే వంగి షట్టరు కిందినుంచి లోపలికొస్తారు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన లెక్కలో వాళ్లంతా కొలతలివ్వడానికి వచ్చిన గిరాకీ. లోపల మేం మాట్లాడుకునేది పేగుల గురించి, సంచుల గురించి, ఒరిసిపోయిన చర్మం గురించి.

మా అందరికీ పొట్టమీద స్టోమా ఉంది. పేగు చివరను బయటికి తెచ్చి చర్మానికి కుట్టిన ద్వారం అది. మలం అక్కడినుంచే వచ్చి, పైన అంటించుకున్న సంచిలో పడుతుంది. ఆసుపత్రిలో ‘మోషన్ బ్యాగు’ అంటారు. ఆ మాట బస్సులోనో, అత్తగారు పక్కనుండగా ఫోన్లోనో అనలేం. అందుకని మాలో మేం ‘జేబు’ అంటాం. "నీ జేబు ఎట్లుంది?" "రాత్రి జేబు లీకైందక్కా." వినేవాళ్లకు అది టైలరింగు ముచ్చటే. ఈ పేరు పెట్టింది నేను కాదు, చాచా. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

నాకు జబ్బు మొదలైంది 2013లో. విరేచనాల్లో రక్తం, జిగట. ముందు మొలలన్నారు. తర్వాత అమీబా అన్నారు. పసరు మందు పోసే ఆయన దగ్గరికి మా అమ్మ మూడు గురువారాలు తోడుకుపోయింది. ఏడాది తిరిగాక గానీ కొలనోస్కోపీ చేయలేదు. అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పెద్దపేగు మీద తిరగబడి, లోపలి పొరంతా పుండ్లు చేస్తుంది. ఫలానాది తిన్నందుకు వచ్చిందని చెప్పలేమన్నాడు డాక్టరు. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం "ఏం తిన్నావ్‌మ్మా?" అనే మొదలుపెట్టేవాళ్లు. కారం ఎక్కువ తినే ఊరు కదా, అందరికీ జవాబు ముందే తెలుసు.

నాలుగేళ్లు మందుల మీద నడిచింది. మెసలమిన్, మధ్యమధ్య స్టెరాయిడ్లు, చివర్లో అజాథయోప్రిన్. స్టెరాయిడ్లకు మొహం ఉబ్బితే గిరాకీలు "ఒళ్లు చేసినావే, సుఖపడతాండావు" అనేవాళ్లు. రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా ఏ షాపు వెనక బాత్‌రూముందో, ఏ ఓనరు అడిగితే తాళం ఇస్తాడో నాకు కంఠతా వచ్చు. ఫాల్స్, లైనింగు గుడ్డ కొనడానికి పాతబస్తీకి పోవాలంటే ఆ పొద్దు అన్నం మానేదాన్ని. ఈ నాలుగేళ్ల గురించి ఇంకా చెప్పొచ్చు గానీ, మందులతో బాగున్నవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లను భయపెట్టడం నాకిష్టం లేదు.

2018 నవంబరులో రోజుకు ఇరవైసార్లు. హిమోగ్లోబిన్ 6కు పడిపోయింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. మూడు రోజులు నరంలోకి స్టెరాయిడ్ ఎక్కించినా లొంగలేదు. పేగు పగిలితే ప్రాణానికే ముప్పన్నారు. ఆ రాత్రే ఆపరేషను. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను కుడివైపు పొట్టమీదికి తెచ్చారు. దాన్ని ఇలియాస్టమీ అంటారు. మామూలుగా స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషనుకు ముందే పెన్నుతో గుర్తు పెట్టాలట. కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, మడతలు పడని చోటు చూసి పెట్టాలట. నాకు ఆ గుర్తు పెట్టేవాళ్లు ఆ రాత్రి డ్యూటీలో లేరు. సరిగ్గా లంగా బొందు కట్టుకునేచోట వచ్చింది నా స్టోమా. ప్రాణం కాపాడినవాళ్లను తప్పుపట్టను. కానీ నేను దర్జీని. బొందు ఎక్కడ పడుతుందో ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆపరేషను ఖర్చు ఆరోగ్యశ్రీ కార్డు మీద పోయింది. 2007లో ఆ పథకాన్ని తొలుత పెట్టిన మూడు జిల్లాల్లో మా పక్క అనంతపురం ఒకటి. అక్కడి మా పెద్దమ్మ కూతురే కాగితాలన్నీ చూసుకుంది. ఇంటికొచ్చాక కొనే సంచులు మాత్రం మా జేబులోంచే. అసలు జేబు.

మొదటిసారి దాన్ని చూసింది నాలుగో రోజు. కింది పెదవి లోపలివైపు తిప్పితే ఏ ఎరుపు కనిపిస్తుందో ఆ ఎరుపు, ఆ తడి. తాకితే నొప్పి లేదు, నొప్పి తెలిసే నరాలు దానికుండవట. దానంతటదే కదులుతుంది. మా ఆయన చూసి బయటికి వెళ్లిపోయాడు. అరగంటకు వచ్చి, "సంచి మార్చేది నాకూ నేర్పించండి సిస్టరూ" అన్నాడు. ఆ అరగంట ఎక్కడ కూర్చున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చిన నెలన్నర నరకం. సంచిని పట్టి ఉంచడానికి చర్మానికి అంటించే ప్లేటు ఒకటుంటుంది. నర్సు డిశ్చార్జి రోజు దాని మధ్యలో రంధ్రం కత్తిరించి చూపించింది. "ఇదే సైజు" అంది. నేను అట్టముక్క మీద గీసుకొచ్చి, అచ్చుగుద్దినట్టు అదే కోసేదాన్ని. మొదట్లో బాగానే పట్టింది. నెల తిరిగేసరికి రోజూ లీకు. చిన్నపేగు నుంచి వచ్చేది మామూలు మలం కాదు, నీళ్లలా ఉంటుంది, అన్నం అరిగించే రసాలు అందులోనే ఉంటాయి. చర్మం మీద పడితే చర్మాన్నే అరిగిస్తుంది. చుట్టూ అరచేయంత మేర పచ్చి పుండయింది. మా అత్త జాలిపడి కొబ్బరినూనె రాసింది. నూనె మీద ప్లేటు పట్టక గంటకే ఊడింది. నాలుగు రోజులు రావాల్సిన ప్లేటు రోజుకొకటి. ప్లేటూ సంచీ కలిపి అప్పట్లో నాకు నాలుగొందల పైన పడేది. రైక కుడితే వచ్చేదెంతో టైలర్లకు తెలుసు.

రాత్రుళ్లు పక్క తడిసేది. మా పాపకు అప్పుడు ఆరేళ్లు. "అమ్మ ఎందుకు పక్క తడుపుతాంది?" అని వాళ్ల నాయనమ్మను అడగడం విన్నాను. మా అత్త, "నీళ్ల చెంబు తన్నింది లేమ్మా" అంది. మడి విషయంలో మాట పడనివ్వని మనిషి, పొద్దున్నే నా దుప్పట్లు తానే ఉతికేది. ఉతికాక తలస్నానం చేసి పూజకు పోయేది. ఆ తలస్నానం నాకు గుచ్చుకునేది కూడా, అబద్ధమెందుకు.

జనవరిలో ఆసుపత్రి నర్సమ్మ ఫోను చేసింది. "మీ ఊళ్లోనే ఒకావిడున్నారు, పదకొండేళ్లుగా బ్యాగుతో ఉన్నారు. మీ నంబరిస్తే మాట్లాడతానంటున్నారు. ఇవ్వమంటారా?" వద్దనబోయాను. పదకొండేళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను పదకొండు వారాలు బతుకుతాననుకోలేదు.

సి.క్యాంపు వైపు ఉండే రిటైర్డ్ టీచరామె. ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు. వచ్చి కూర్చుని, మా అత్త పెట్టిన ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని తింది. నా కళ్లు ఆమె పొట్ట మీదే ఉన్నాయి. ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. "బొరుగులు మనకు మంచివమ్మా, జారేది గట్టిపడుతుంది. అరటిపండు, సగ్గుబియ్యం కూడా" అంది. ఓదార్పు మాటొక్కటీ అనలేదు. తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి, "తలుపేయి పాపా" అంది. చీర కుచ్చిళ్లు కొంచెం దించి తనది చూపించింది. సంచి చుట్టూ చర్మం నా చేతి చర్మంలా ఉంది. ఒక్క మచ్చ లేదు.

తర్వాత నాది చూసింది. ప్లేటు తీసి, పుండును చూసి మొహం చిట్లించలేదు. నేను కోసిన రంధ్రాన్ని స్టోమా పక్కన పట్టి చూసింది. ప్లేటు రంధ్రం 40 మిల్లీమీటర్లు. స్టోమా 28.

"ఇది తగ్గిపోయింది కదమ్మా! ఆపరేషనైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు దిగి చిన్నదవుతుంది. ప్రతిసారీ కొలుచుకోవాల. నీకెవరూ చెప్పలేదా?"

"లేదు టీచర్."

"నువ్వు టైలరువంట కదా. మనిషి సన్నబడితే పాత కొలతకే రైక కుడతావా?"

ఆపరేషను తర్వాత నేను నవ్వింది అదే మొదటిసారి. ఏడుపూ వచ్చింది. స్టోమాకూ ప్లేటుకూ మధ్య ఒకటి, రెండు మిల్లీమీటర్ల సందు చాలు. అంతకు మించి ఖాళీ ఉంటే చర్మం కాలుతుంది, బిగుతైతే స్టోమా కోసుకుంటుంది. నాది గుండ్రంగా కూడా లేదు, కోడిగుడ్డు ఆకారం. ట్రేసింగు కాగితం పెట్టి గీసి, పేపరు కటింగు చేసుకున్నాను. చంకభాగం పేపరు కటింగు చేసినట్టే. ఆ కాగితం ఇప్పటికీ నా కొలతల పుస్తకంలో ఉంది, మొదటి పేజీలో.

టీచరమ్మ నేర్పించిన మిగతావి కూడా చిన్నచిన్నవే. పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చుకోవాలి, అప్పుడు పేగు నిదానంగా ఉంటుంది. ఉత్త నీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వాలి. పచ్చిగా ఉన్నచోట స్టోమా పౌడరు చల్లి, ఎక్కువైంది దులిపెయ్యాలి. ప్లేటు అంటించాక అరచెయ్యి పెట్టి అయిదు నిమిషాలు అదిమి పట్టుకోవాలి, ఒంటి వేడికి జిగురు పడుతుంది. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, బరువుకు లాగనివ్వకూడదు. పది రోజులకు పుండు ఎండింది. ప్లేటు నాలుగు రోజులొచ్చింది. ఆసుపత్రిలో చేయలేని పని అని అనను, కానీ ఆ పది రోజులకు ముందు నేను కేసీ కెనాల్ గట్టు మీద రెండు సాయంత్రాలు ఊరికే నిలబడి వచ్చాను. అంతే చెప్తాను.

మేం గుంపుగా కావడం అనుకుని చేసింది కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. సంచులు హైదరాబాదు నుంచి రావాలి, బస్సుల్లేవు. ఏప్రిల్లో కర్నూలులో కేసులు విపరీతంగా పెరిగి సందు సందుకూ కర్రలు కట్టారు. నా దగ్గర ప్లేట్లు మూడున్నాయి. టీచరమ్మ దగ్గర సంచులున్నాయి, ప్లేట్లు లేవు. ఆమె ప్లేటు రింగు 57 మిల్లీమీటర్లు, నాది 45. ఒకదాని సంచి ఇంకోదానికి ఎక్కదు. ఇది తెలియకే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. మందుల షాపులో "బ్యాగు" అని అడిగితే చేతికందిన సైజు ఇచ్చేస్తారు. వాపసు తీసుకోరు. అప్పుడు టీచరమ్మకు తెలిసిన ఇద్దరు, ఆ ఇద్దరికీ తెలిసిన ముగ్గురు, ఫోన్లలోనే ఎవరి దగ్గర ఏ సైజు ఎన్ని ఉన్నాయో రాసుకున్నాం. రాసింది నేను, అదే కొలతల పుస్తకంలో. పాస్ ఉన్న ఒక అంబులెన్సు డ్రైవరు ఇంటింటికీ అందించాడు. సంచిని కడిగి, ఆరబెట్టి, మళ్లీ వాడినవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత మొహాలు చూసుకోవాలనిపించింది. ఎక్కడ కలవాలన్నదే కష్టం. గుడిలో వద్దన్నారు కొందరు, ఆసుపత్రిలో వద్దన్నారు అందరూ. ఆడవాళ్లు ఇంట్లో ఏం చెప్పి రావాలి? "రైక కొలతకు" అని చెప్పి రావచ్చు కదా అన్నాను. అట్ల మా వెనక గది తేలింది.

చాచా బుధవారపేటలో మెకానిక్కు. మలద్వారం దగ్గర క్యాన్సరొచ్చి తీసేశారు, ఆయనకు ఎడమవైపు పెద్దపేగు స్టోమా. కొలాస్టమీ అంటారు దాన్ని. మాలా నీళ్లు కాదు, గట్టిగానే వస్తుంది, రోజుకు ఒకటి రెండుసార్లు. "మీరంతా కుళాయి గిరాకీ, నేను కిలోల గిరాకీ" అనేవాడు. మొదటి ఆదివారం ఎవరూ నోరు తెరవలేదు. నేను ‘బ్యాగు’ అనగానే ఒకామె షట్టరు వైపు చూసింది. అప్పుడు చాచా, "దర్జీ ఇంట్లో కూర్చుని బ్యాగంటావేంది బేటీ? అల్లా నాకు ముసలితనంలో ఒక జేబు కుట్టించినాడు, అట్ల అను" అన్నాడు. అంతే. ఆ పూట మూడు గంటలు మాట్లాడుకున్నాం.

ఆయనకు మొదట్లో నమాజు మానేయాలేమోనని దిగులుండేదట. ఎప్పుడు వస్తుందో చేతిలో లేనిది, నమాజుకు ముందు చేసుకునే శుద్ధి, వజూ, ఎట్లా నిలుస్తుందని. వాళ్ల మతగురువు హజ్రత్‌ను అడిగితే, నీ వశంలో లేనిదానికి నీకు మినహాయింపుంది, ప్రతి నమాజుకూ కొత్తగా వజూ చేసుకుని నిలబడు అన్నాడట. ఈ మాట చాచా చెప్తుంటే నేను మా అత్త గురించి ఆలోచించాను. ఆ శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయొచ్చాను. మా అత్తే ముందు నడిచింది. పోయేముందు "సంచి ఖాళీ చేసుకున్నావా?" అని మాత్రం అడిగింది.

ఆదోని నుంచి ఒక అన్న వస్తాడు, నూనె మిల్లులో గుమాస్తా. ఒకసారి బుడ్డల కాలంలో, ఉడకబెట్టిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, పళ్లెం నిండా తిన్నాడు. ఎవరు తినరు ఆ రోజుల్లో! సాయంత్రానికి జేబు ఖాళీ. ఏమీ రాలేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, స్టోమా ఉబ్బింది, రాత్రికి వాంతులు. బుడ్డలు, కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు సరిగ్గా నమలకుండా మింగితే మాలాంటివాళ్లకు చిన్నపేగు చివర ఉండకట్టి అడ్డం పడతాయి. పడుకుని మోకాళ్లు మడిచి, గోరువెచ్చని నీళ్లు తాగి, స్టోమా చుట్టూ మెల్లగా నిమిరితే కొన్నిసార్లు కదులుతుంది. గంటల తరబడి ఏమీ రాక, వాంతులు మొదలైతే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. ఆయన ఫోను చేసింది రాత్రి పదకొండుకు, ఆసుపత్రికి కాదు, నాకు. పెద్దాసుపత్రికి కదలమని అరిచాను. సెలైన్ పెట్టి, ముక్కులోంచి గొట్టం వేసి మూడు రోజులుంచారు. అప్పటినుంచి ఆయన బుడ్డలు మానలేదు. పొడి చేసుకుని తింటాడు.

మా ఎండలు వేరే పాఠం. మేలో 44, 45 డిగ్రీల్లో ప్లేటు జిగురు కారి నాలుగు రోజులది రెండు రోజులకే ఊడుతుంది. సంచి వెనక చెమటకు పొక్కులొస్తాయి. నేను పాత కాటన్ చీరలతో సంచికి తొడుగులు కుట్టాను, అందరికీ కొలత తీసుకుని. కానీ అంతకంటే ముఖ్యం ఉప్పు. పెద్దపేగు చేసే పని నీళ్లూ ఉప్పూ వెనక్కి పీల్చుకోవడం. అది లేనివాళ్లు దాహమైందని ఉత్త నీళ్లు చెంబులకు చెంబులు తాగితే, ఆ నీళ్లు లోపలి ఉప్పును కూడా లాక్కుని సంచిలోకి వచ్చేస్తాయి. నాకిది తెలియక మొదటి వేసవిలో పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి, మిషను మీదే పడ్డాను. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుడు నీళ్లలో సగం ప్యాకెట్టు పోసి తాగేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పు గంజి, రాగి అంబలి మా వెనక గది మెనూ. రోజుకు లీటరున్నర దాటి జారుతుంటే డాక్టరుకు చెప్పాల్సిందే. లోపెరమైడ్ ఇస్తారు, తినే అరగంట ముందు వేసుకోవాలి.

ఒక ఆదివారం ఆ నర్సమ్మ హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతూ మా దగ్గర దిగింది. ఆమె చెప్పిన కథ నాకు బాగా నచ్చింది. 1950లలో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్, స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడేందుకు కరాయ అనే చెట్టుబంక పొడి వాడటం మొదలుపెట్టాడట. తడిని పీల్చుకుంటుంది, చర్మానికి అతుక్కుంటుంది. ఆయన దగ్గర ఆపరేషనైన నోర్మా గిల్ అనే ఆవిడకూ నాకున్న జబ్బే, నాకున్న ఇలియాస్టమీయే. 1958లో ఆయన ఆమెను, నర్సు కాకపోయినా, మిగతా రోగులకు నేర్పించడానికి ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న స్టోమా నర్సుల చదువు ఆమెతోనే మొదలైంది.

ఇది విని మా గుంపులోని ఆత్మకూరు తాత, "కరాయ అంటే ఏ చెట్టు?" అన్నాడు. నర్సమ్మ ఫోన్లో బొమ్మ చూపించింది. తెల్లటి బెరడు. తాత ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది తపసి చెట్టు కదమ్మా! మా నల్లమలదే. వయసులో ఉన్నప్పుడు చెంచులతో కలిసి ఈ బంక తీసి జీసీసీకి, అదే గిరిజన సహకార సంస్థకు, అమ్మినోణ్ని. ఇది ఎవరికి పనికొస్తదా అనుకునేవాణ్ని." తన చొక్కా మీద, ప్లేటున్నచోట, చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పటి ప్లేట్లలో వాడేది వేరే జిగుళ్లు, పెక్టిన్, జెలటిన్ వంటివి. ఆ సంగతి తాతకు నర్సమ్మా చెప్పింది, నేనూ చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. ఎవరూ సంతలో బంక కొని రాసుకోకండి, అది మాత్రం గట్టిగా చెప్పాం.

అన్నీ మంచివే కాదు. ప్లేట్లు అయిదు ఒక డబ్బా, సంచులు పది ఒక డబ్బా. విడిగా ఇవ్వరు. కూలికి పోయేవాళ్లు డబ్బా మొత్తం ఎట్లా కొంటారు? అందుకని కలిసి తెప్పించి పంచుకుంటాం. అప్పు తీసుకుని ఫోనెత్తనివాళ్లున్నారు. ఒకరు మొహమాటానికి రావడం మానేశారు. డబ్బులు పోతే పోయాయి, మనిషి ఎందుకు మానాలి అని నా బాధ. ఇంకొకాయన ఒక నాటువైద్యుణ్ని తోడుకొచ్చాడు, చూర్ణంతో స్టోమా మూసుకుపోతుందట. ఆయన్ని మజ్జిగ కూడా ఇవ్వకుండా పంపించాను. సదరం సర్టిఫికెట్టు కోసం తిరిగినవాళ్లకు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మన పేరు లేదని తెలిసింది. గుంపుగా అడిగితే ఏమన్నా అవుతుందేమో అని ఆదోని అన్న అంటాడు. గుంపుగా అడగాలంటే ముందు బయటపడాలి. అక్కడే ఆగుతున్నాం.

ఎంతగా ఆగుతున్నామంటే, మూడేళ్లకొకసారి అక్టోబరు మొదటి శనివారం స్టోమా ఉన్న మాలాంటివాళ్ల రోజు, ప్రపంచ ఆస్టమీ దినం, వస్తుంది. 2024 అక్టోబరు 5న వచ్చింది. నేను శాటిన్ గుడ్డ మీద అక్షరాలు అతికి బ్యానరు కుట్టాను. దాని వెనక నిలబడి ఫోటో దిగడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. నేను కూడా, నిజానికి. అది మడతపెట్టి మిషను సొరుగులో ఉంది.

ఆడవాళ్లు అసలు ప్రశ్న పోయేముందు, చెప్పుల దగ్గర అడుగుతారు. "అక్కా, రాత్రిపూట ఆయన దగ్గర..." అని. ముందుగా ఖాళీ చేసుకోమని, నడుముకు వెడల్పు పట్టీ కట్టుకోమని, ఆ పట్టీ నేనే కుట్టిస్తానని చెప్తాను. లేత గులాబి రంగు సాగే గుడ్డతో కుడతాను. ఒక పిల్ల మళ్లీ వచ్చి ఎర్రటిది అడిగింది.

నాకు రెండో ఆపరేషను చేసుకునే వీలుంది. చిన్నపేగునే సంచిలా కుట్టి లోపల మలద్వారానికి కలుపుతారు, జె-పౌచ్ అంటారు. సంచి అక్కర్లేదు, కానీ రోజుకు అయిదారుసార్లు బాత్‌రూముకు పోవాలి, ఆ లోపలి సంచి ఒక్కోసారి వాచి బాధపెడుతుంది. చేయించుకుని సంతోషంగా ఉన్నవాళ్లతో మాట్లాడాను. నేను వద్దనుకున్నాను. బాత్‌రూములు లెక్కపెట్టుకుంటూ అయిదేళ్లు బతికాను, మళ్లీ ఆ లెక్క మొదలుపెట్టలేను. మా అమ్మకు ఇది ఇప్పటికీ అర్థం కాదు.

చాచాకు రెండేళ్ల కిందట క్యాన్సరు తిరగబెట్టింది. చివరి ఆదివారాలు ఆటోలో వచ్చి, షట్టరు కిందినుంచి వంగలేక, నేను పూర్తిగా ఎత్తితే లోపలికి వచ్చేవాడు. పోయిన నలభై రోజులకు ఆయన కొడుకు వచ్చాడు. మా గురించి అతనికి తెలియదనుకున్నాను. స్కూటరు మీదినుంచి ఒక అట్టపెట్టె దించి కౌంటరు మీద పెట్టాడు. విప్పని డబ్బాలు ఏడు. పైన చాచా రాత, ఉర్దూలో ఒక ముక్క. "ఏం రాశారు బాబూ?" అన్నాను. "దర్జీ బేటీకి, జేబులు అని" అన్నాడు. ఏ సైజు ఎవరికి సరిపోతుందో ఆ రాత్రి పుస్తకం తీసి రాసుకున్నాను. రెండు డబ్బాలు ఆత్మకూరు తాతకు పోయాయి.

మొన్న సోమవారం నర్సమ్మ మళ్లీ ఫోను చేసింది. ఇంజినీరింగు రెండో ఏడాది చదివే పిల్ల, పెద్దపేగు తీయాల్సిందే, గురువారం ఆపరేషను. ఈసారి తొందరలేదు, ముందే గుర్తు పెడతారట. "ఒకసారి చూడండమ్మా" అంది. నేనే పోయాను, హైదరాబాదుకు, పొద్దుటి రైల్లో. చేతిసంచిలో రెండు లంగాలు, ఒక చుడీదారు ప్యాంటు, నా టేపు. నర్సమ్మ ఆ పిల్లను కూర్చోబెట్టి, వంగోబెట్టి చూస్తుంటే నేను నాడా కట్టి చూపించాను. చీరకు ఇక్కడ, చుడీదారుకు ఇక్కడ, కూర్చుంటే మడత ఇక్కడ. బొందుకు రెండు వేళ్ల కింద, చదునుగా ఉన్నచోట నర్సమ్మ పెన్నుతో గుర్తు పెట్టింది.

ఆ పిల్ల అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. గుర్తు కేసి చూసుకుని, "ఆంటీ, జీన్స్ వేసుకోవచ్చా?" అంది.

"నడుము ఎత్తుగా ఉండేవి వేసుకోవచ్చు. ఉన్నవాటికి ముందు పక్క సాగే గుడ్డ వేసి నేను ఇస్తా."

వాళ్లమ్మ అప్పటికప్పుడు బ్యాగులోంచి ఒక నీలం జీన్సు తీసి నా చేతిలో పెట్టింది. కొలత తీసుకోమంది. తీసుకోలేదు. ఆపరేషను తర్వాత ఒళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, ఇప్పటి కొలత పనికిరాదు. ఎనిమిది వారాలు పోయాక రెండో ఆదివారం చూసుకుని కర్నూలుకు రమ్మన్నాను. జీన్సు మాత్రం తెచ్చాను. పేరు రాసిన చీటీ గుచ్చి, మిషను పక్కన కొక్కేనికి తగిలించాను.